హుజూర్‌నగర్ నుంచి పెద్దల సభకు: మఖ్దూం మనకేమవుతాడు?

ప్రతి ఏడూ ఆగస్టు 25 దగ్గర పడుతోందంటే మాకు రెండు ఫోన్లు వస్తాయి. ఒకటి ఉర్దూ పత్రిక నుంచి. ‘మఖ్దూం బర్సీ వస్తోంది, ఆయన గజళ్ల మీద ఓ మజ్మూన్ రాసివ్వండి’ అంటారు. రెండోది తెలుగు పత్రిక నుంచి. ‘కామ్రేడ్ మఖ్దూం వర్ధంతి, సాయుధ పోరాటం గురించి ఓ అర పేజీ కావాలి’ అంటారు. రెండూ రాస్తాం. రెండూ అచ్చవుతాయి. పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఇద్దరు వేర్వేరు మనుషుల గురించి రాసినట్టుంటుంది. ఉర్దూ వ్యాసంలో తెలంగాణ పల్లె ఉండదు. తెలుగు వ్యాసంలో ఉర్దూ ఉండదు. రెండింట్లోనూ లేనిది ఇంకొకటుంది. మఖ్దూం మొహియుద్దీన్ ఓట్లడిగి గెలిచిన శాసనసభ్యుడు. ఆ తర్వాత పదకొండేళ్లపాటు పెద్దల సభలో కూర్చున్నవాడు. ఆ సంగతి ఎవరూ అడగరు. ఇన్నేళ్లూ మేమూ రాయలేదు. ఈసారి అదే రాస్తున్నాం.

మేం వరంగల్‌లో పుట్టి పెరిగినవాళ్లం. ఇంట్లో ఉర్దూ, గల్లీ దాటితే తెలుగు. మా దాదా ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పెద్దకొడుకు ఆజం జా పేరు మీద 1934లో వెలిసిన మిల్లది. దాదా ఎర్రజెండా యూనియన్ మనిషి. ‘మఖ్దూం భాయ్’ అని ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టే చెప్పేవాడు. ఆయనకు వచ్చింది మా ఇళ్లల్లో మాట్లాడే దక్కనీ. ముషాయిరాల్లో వాహ్వా అనేంత ఉర్దూ ఆయనకు రాదు. అయినా మఖ్దూం ఆయనకు తెలుసు. ఏ మఖ్దూం? జీతం కోసం, పని గంటల కోసం కొట్లాడిన యూనియన్‌కి పెద్ద అయిన మఖ్దూం. కాబట్టి మేం మొదట విన్న మఖ్దూం కవి కాడు, గెరిల్లా కాడు. పదిమంది పని మీద వేసుకున్న మనిషి. రాజకీయ నాయకుడంటే అసలు అర్థం అదే కదా.

అందోలు పక్కనే జోగిపేట

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా అందోలులో పుట్టాడు. తండ్రి గౌస్ మొహియుద్దీన్ చిన్నప్పుడే పోయాడు. చిన్నాన్న బషీరుద్దీన్ పెంచాడు. నమాజులూ రోజాలూ తప్పని ఇల్లు. పిల్లవాడు మసీదు ఊడ్చాడు, నీళ్లు మోశాడు. రష్యాలో విప్లవం వచ్చిందనీ, అక్కడ అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారనీ ఆ చిన్నాన్నే చెప్పాడట. ఒకే దస్తర్‌ఖాన్ అంటే మా పిల్లలకు వేరే వివరించనక్కర్లేదు. చిన్నాన్న ఆ మాట ఏ ఉద్దేశంతో అన్నా, ఆ పిల్లవాడి మనసులో సమానత్వం మొదట పడింది మా ఇళ్ల మాటలోనే.

ఆ అందోలుని ఆనుకునే జోగిపేట ఉంది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొట్టమొదటి సమావేశం జరిగిన ఊరు అదే. దాని వెనక ఒక అవమానం ఉంది. 1921లో హైదరాబాద్‌లో ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తని ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మా వరంగల్ వాళ్లకి ఈ కథ కొత్త కాదు. హనుమకొండలో 1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. తెలుగు పుస్తకం దొరకడమే గొప్పగా ఉన్న రోజులవి. రాజ్యంలో అత్యధికుల భాషలు తెలుగు, మరాఠీ, కన్నడం. కోర్టు, కచేరీ, కాలేజీ ఉర్దూలో. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఒక భారతీయ భాషలో పై చదువులు చెప్పిన గొప్ప ప్రయోగం అది. ఆ గొప్పతనం నిజమే. ఆ గుమ్మం తెలుగు రైతు పిల్లవాడికి ఎత్తుగా కనిపించిందన్నదీ అంతే నిజం. ఒకటి చెప్పి ఇంకొకటి దాచితే చరిత్ర అవదు.

కాబట్టి అందోలు మఖ్దూం ఉర్దూ కవి కావడంలో వింతేం లేదు. అదే మట్టిలో జోగిపేట సభ జరగడంలోనూ వింత లేదు. వింతల్లా ఏమిటంటే, ఒక తరం తిరక్కుండానే ఈ రెండు దారులూ ఒకచోట కలిశాయి. కలిపినవాళ్లలో ఈయన ఒకడు.

లెక్చరర్ గారి రాజీనామా

హైదరాబాద్ చేరిన మఖ్దూంకి తిండికీ గూటికీ కష్టమే. ట్యూషన్లు చెప్పాడు, బొమ్మలు అమ్మాడు, పత్రికల్లో పనిచేశాడు. 1934లో బి.ఏ., 1936లో ఎం.ఏ. ఉస్మానియాలోనే. అప్పటికే నాటకాలు రాసి ఆడిస్తున్నాడు. బెర్నార్డ్ షా నాటకం ఆధారంగా రాసిన ‘హోష్ కే నాఖున్’ని ఠాగూర్ చూసి మెచ్చుకున్నాడు. 1939లో సిటీ కాలేజీలో ఉర్దూ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. నిజాం సర్కారులో నౌకరీ అంటే ఆ రోజుల్లో మామూలు మాటా? మా ఇళ్లల్లో ఇప్పటికీ దాని గురించే చెప్పుకుంటారు, ఫలానా తాత ఫలానా మహకమాలో ముంతజిమ్ అని. మఖ్దూం కొన్నేళ్లకే ఆ నౌకరీ వదిలేశాడు.

అప్పటికే ఆలం ఖుంద్‌మీరీ, రాజ్ బహదూర్ గౌర్, జవాద్ రజ్వీ లాంటి వాళ్లతో కలిసి కామ్రేడ్స్ అసోసియేషన్ నడుస్తోంది. అందులోంచే హైదరాబాద్ నగరంలో కమ్యూనిస్టు పార్టీ వచ్చింది. 1944లో మొదటి కవితా సంపుటి ‘సుర్ఖ్ సవేరా’ వెలువడింది. 1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడితే దానికి ఆయనే అధ్యక్షుడు. బట్టల మిల్లు, సిమెంటు, కరెంటు, రైల్వే కార్మికులు ఆ జెండా కిందికి వచ్చారు. అంటే మా దాదా లాంటివాళ్లు.

ఇక్కడొక సంగతి గమనించాలి. ఆ రోజుల్లో హైదరాబాద్ ముస్లింకి రాజకీయమంటే ఎదురుగా పరిచి ఉన్న దారి మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్. బహదూర్ యార్ జంగ్ గొప్ప వక్త. 1944లో ఆయన చనిపోయాక, 1946 నాటికి ఆ సంస్థ లాతూర్ వకీలు ఖాసిం రజ్వీ చేతికి వచ్చింది. ఆ చేతుల్లోనే రజాకార్లు పెరిగారు. రాజ్యం మనది, పాలకుడు మనవాడు అనే మత్తు చాలా ఇళ్లకెక్కింది. మిల్లులో పన్నెండు గంటలు నిలబడే సాయిబుకి రాజ్యంలో వాటా ఏం దక్కిందని అడిగినవాళ్లు తక్కువ. మఖ్దూం అడిగాడు. మా దాదా ఆ ప్రశ్నని అర్థం చేసుకున్నాడు. ఇద్దరూ ముస్లింలే. ఇద్దరూ రజాకార్లు కారు. ఈ మాట చెప్పుకోవాల్సి రావడమే మాకు బాధ, కానీ ఇంకా చెప్పాల్సే వస్తోంది.

సెప్టెంబర్ 17కి ముందు సెప్టెంబర్ 11 ఉంది

నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపు 1947 సెప్టెంబర్ 11న వెలువడింది. దాని మీద మూడు పేర్లున్నాయి: రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. ప్రతి సెప్టెంబర్ 17కీ మా మీద ఒక పరీక్ష పెడతారు. విమోచనమా, విలీనమా, సమైక్యతా? 2022లో కేంద్రం ఒక పేరుతో, రాష్ట్రం ఇంకో పేరుతో పండుగ చేశాయి. పేరు ఏదైనా ఆ రోజు మా గల్లీల్లో పెద్దవాళ్లు టీవీ కట్టేస్తారు. ఆ పరీక్షకి మా జవాబు ఒక్కటే. క్యాలెండర్లో ఆరు రోజులు వెనక్కి వెళ్లి, సెప్టెంబర్ 11 నాటి ఆ మూడో పేరు చదవండి.

ఆ ఒక్క పేరే కాదు. విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టుకెక్కి గెలిచి, చివరికి గూండాల చేతుల్లో చచ్చిన కామారెడ్డిగూడెం షేక్ బందగీ ఉన్నాడు. 1947లో సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ నాటకంతో ఆయన ఊరూరికీ తెలిశాడు. మా మానుకోట ప్రాంతంలో పుట్టి, ‘ఇమ్రోజ్’ పత్రిక నడిపి, రజాకార్లని ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ ఉన్నాడు. ఒక కౌలుదారు, ఒక జర్నలిస్టు, ఒక కార్మిక నాయకుడు. మా ముస్లిం చరిత్ర అంటే ఈ ముగ్గురిదీ కూడా.

అయితే ఇక్కడే సెక్యులర్ మిత్రులతో మాకో పేచీ ఉంది. మీరీ పేర్లని మా చేతికి సర్టిఫికెట్లలా ఇస్తారు. ‘మీలో షోయబుల్లా లేడా, మఖ్దూం లేడా, మీరూ అలా ఉండొచ్చు కదా’ అంటారు. ప్రతి హిందువునీ ‘మీరూ రావి నారాయణరెడ్డిలా ఉండొచ్చు కదా’ అని అడుగుతామా? మంచితనాన్ని రుజువు చేసుకోవాల్సిన పని ఒక్క మాకే ఎందుకు పడింది? ఇక మావాళ్ల సంగతి ఇంకో రకం. ‘ఆయన దహ్రియా, దేవుడు లేడన్నవాడు, మనవాడెలా అవుతాడు’ అంటారు. కానీ నాంపల్లిలో దర్గా షా ఖామోష్ ఖబ్రస్తాన్‌లో ఆయన నిద్రపోతున్నాడు. మట్టి ఆయన్ని తనవాడే అనుకుంది. మనం ఇంకా తర్కిస్తున్నాం.

1948 తర్వాత

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ పోయింది. ఆ వెనకే జరిగినది మాత్రం చాలాకాలం మాటల్లోకి రాలేదు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం తన నివేదికలో, తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది ప్రాణాలు పోయి ఉంటాయని రాసింది. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదికని దశాబ్దాలపాటు బయటికి రానివ్వలేదు. 2013 ప్రాంతంలో గానీ జనం చదవలేకపోయారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అది జరగాల్సిందే. కానీ జాగీర్ల కచేరీల్లో గుమాస్తాలుగా, జవాన్లుగా బతికిన వేలాది చిన్న ముస్లిం కుటుంబాలు రాత్రికి రాత్రి వీధిలో పడ్డాయి. ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయింది. వచ్చింది తెలుగు కాదు, ఇంగ్లీషు.

మఖ్దూం ఆ రోజుల్లో అజ్ఞాతంలో ఉన్నాడు. ఆయన పార్టీ సైన్యం మీద కూడా పోరాడుతూనే ఉంది. 1951 అక్టోబర్‌లో గానీ పోరాటం విరమించలేదు. భూమి కోసం అంత త్యాగం చేసిన పార్టీ, రాజ్యం పోయి నౌకరీ పోయి ధైర్యం పోయిన పేద ముస్లింకి ఏం చెప్పింది? మాకు తెలిసి ‘మాతో రా’ అని చెప్పింది. మంచి మాటే. కానీ భయంతో తలుపేసుకున్నవాడికి ఆ మాట వినపడాలంటే ముందు వాడి భయం గురించి మాట్లాడాలి. ఆ పని సరిగ్గా జరగలేదని మా అభిప్రాయం. మఖ్దూంని ప్రేమిస్తూనే ఈ మాట అంటున్నాం.

రైతులు వేసిన ఓటు

1951లో మఖ్దూం పట్టుబడ్డాడు. మరుసటి ఏడాది విడుదలయ్యాడు. తొలి సార్వత్రిక ఎన్నికలొచ్చాయి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి పి.డి.ఎఫ్. పేరుతో పోటీచేశారు. రావి నారాయణరెడ్డి నల్లగొండ లోక్‌సభ స్థానంలో నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో గెలిచాడన్నది అందరికీ తెలిసిందే. 175 మంది ఉన్న రాష్ట్ర శాసనసభలో పి.డి.ఎఫ్. ప్రధాన ప్రతిపక్షమయింది. మఖ్దూం మాత్రం హైదరాబాద్ నగరంలో ఓడిపోయాడు. అదే 1952లో హుజూర్‌నగర్‌కి ఉప ఎన్నిక వస్తే అక్కడ నిలబడి గెలిచాడు.

ఈ రెండు ముక్కలూ కలిపి ఇంకోసారి చదవండి. ఆయన భాష మాట్లాడే నగరంలో ఓడాడు. ఆయన భాష రాని నల్లగొండ జిల్లా పల్లెల్లో గెలిచాడు. అప్పటికి రజాకార్ల దాడులు జరిగి నాలుగేళ్లే. కాలిన ఇళ్ల గోడలు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఆ పల్లెల్లో రైతులు, కూలీలు, మొహియుద్దీన్ అనే పేరున్న మనిషికి ఓటేశారు. ఎందుకు వేశారు?

మతం మరిచిపోయి వేశారని కొందరంటారు. మేం అలా అనుకోం. రైతు ఏదీ మరిచిపోడు. వాళ్లకి మనుషుల్ని విడదీసి చూడడం తెలుసు. వాళ్ల వీపు మీద దెబ్బలు కొట్టిన దేశ్‌ముఖ్‌లు చాలామంది హిందువులే. ఆ దేశ్‌ముఖ్‌లకి అండగా వచ్చిన రజాకార్లు ముస్లింలు. ఎవడు భూమి గుంజుకున్నాడో, ఎవడు వెట్టి చేయించాడో, ఎవడు తమతో పాటు జైలుకి పోయాడో వాళ్లు లెక్క పెట్టుకుని ఉన్నారు. ఆ లెక్కలో మఖ్దూం పేరు తమ పక్కన రాసుకున్నారు. ఆయన ముస్లిం అని తెలిసే వేశారు. మాకు ఆ ఓటు విలువ అక్కడే ఉంది. మా పేరు మార్చుకోకుండా, మా భాష దాచుకోకుండా, ఒక తెలుగు పల్లెకి ప్రతినిధి కావచ్చని 1952లో హుజూర్‌నగర్ చెప్పింది.

ఆ ఏడే మా వరంగల్ నుంచి ఇంకో గొడవ మొదలైంది. స్థానికులకు రావాల్సిన ఉద్యోగాలు బయటివాళ్లకి ఇస్తున్నారని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ముల్కీ ఉద్యమం హైదరాబాద్ చేరింది. సెప్టెంబర్ 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. మఖ్దూం ఒకప్పుడు పాఠం చెప్పిన కాలేజీ అది. పాలకుడు మారినా తుపాకీ మారలేదని చాలామందికి ఆ రోజు తెలిసొచ్చింది.

పెద్దల సభ, ఇద్దరు కవులు

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. విశాలాంధ్ర కావాలన్న కమ్యూనిస్టు పార్టీలోనే మఖ్దూం ఉన్నాడు. తెలుగువాళ్లంతా ఒకటి కావాలని ఒక ఉర్దూ కవి కోరుకున్నాడు. మరి ఉర్దూ గతేమిటి? పెద్దమనుషుల ఒప్పందంలో ఒక మాట రాశారు, తెలంగాణలో పాలనలో, న్యాయస్థానాల్లో ఉర్దూ స్థానం ఐదేళ్లపాటు అలాగే ఉంటుందని. ఐదేళ్లు! ఒక భాషకి గడువు పెట్టడం మా పెద్దలకి ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోండి. 1966 అధికార భాషా చట్టం తెలుగుని అధికార భాష చేసి, ఉర్దూకి కొన్నిచోట్ల కొన్ని పనులకు వీలు ఉంచింది. తెలంగాణ రాష్ట్రమంతటికీ ఉర్దూ రెండో అధికార భాష కావడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది.

1958 జూలైలో ఆంధ్రప్రదేశ్‌కి శాసనమండలి వచ్చింది. తొంభై మంది సభ్యులు. దీన్నే పెద్దల సభ అంటాం. మూడో వంతు స్థానిక సంస్థల నుంచి, మూడో వంతు శాసనసభ్యుల ఓట్లతో, పన్నెండో వంతు చొప్పున పట్టభద్రులు, ఉపాధ్యాయుల నుంచి, మిగతావాళ్లు గవర్నర్ నామినేట్ చేసినవాళ్లు. నేరుగా జనం వేసే ఓటుతో వచ్చేది కాదు. పార్టీ పంపించగా మఖ్దూం ఆ సభకి వెళ్లాడు. అక్కడ కమ్యూనిస్టు సభ్యులకు నాయకుడయ్యాడు. 1969లో కన్నుమూసే దాకా ఆ సభలోనే ఉన్నాడు.

అదే 1958లో మా కాళోజీ నారాయణరావు కూడా ఆ సభలో అడుగుపెట్టాడు, 1960 దాకా ఉన్నాడు. మడికొండలో పెరిగిన కాళోజీ తల్లి కన్నడిగ, తండ్రి మహారాష్ట్ర మూలాలవాడు. ఆయన మాత్రం తెలుగు కవి, ఉర్దూ కూడా బాగా వచ్చినవాడు. ఇద్దరూ నిజాం కాలంలో వేట తప్పనివాళ్లే. జైలు కాళోజీకి వరంగల్లో, మఖ్దూంకి హైదరాబాద్‌లో. ఒకాయన ఏ పార్టీ మాటా వినడు, ఒకాయన పార్టీని ప్రాణంగా చూసుకున్నాడు. ఒకే సభలో వాళ్లిద్దరూ కూర్చున్న ఆ రెండేళ్లు మా జిల్లా పిల్లలకి ఏ పాఠంలోనూ లేవు. ఉండి ఉంటే, ఉర్దూ అంటే పాకిస్తాన్ భాష అని మా పక్కింటి పిల్లవాడు మాతో అనేవాడు కాదు. మఖ్దూం సహచరుడు రాజ్ బహదూర్ గౌర్ హిందువు, 1952 నుంచి పదేళ్లు రాజ్యసభ సభ్యుడు, ఉర్దూలో పేరున్న రచయిత. ఉర్దూని మా ఒక్కరి నెత్తికే కట్టింది ఆ తర్వాతి కాలం.

సభలో ఉన్న ఆ ఏళ్లలోనే ఆయన కవిత్వమూ మళ్లీ పచ్చబడింది. 1961లో ‘గుల్-ఎ-తర్’, 1966లో ‘బిసాత్-ఎ-రఖ్స్’ వచ్చాయి. రెండో దానికి 1969లో సాహిత్య అకాడమీ అవార్డు. 1964లో పార్టీ చీలింది. ఆయన సి.పి.ఐ.లోనే ఉండిపోయాడు. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచింది. మా వరంగల్ అట్టుడికిపోయింది. ఒకప్పుడు విశాలాంధ్రని కోరిన కాళోజీ ఇప్పుడు ప్రత్యేక తెలంగాణ అన్నాడు. మఖ్దూం పార్టీ సమైక్యత అంది. తెలంగాణ పేరు మీద కవిత రాసినవాడు, తెలంగాణ మండుతుండగా, అదే ఏడు ఆగస్టు 25న ఢిల్లీలో చనిపోయాడు. ఎవరు సరి అన్న తగాదా ఇప్పుడెందుకు? 2014లో జనం తేల్చేశారు. తన కాలపు ప్రశ్నలన్నిటికీ ఒకే మనిషి సరైన జవాబిస్తాడనుకోవడం మన అత్యాశ.

వెనక గుమ్మం

ఇప్పుడు అసలు మాటకొద్దాం. మఖ్దూం రాజకీయ జీవితంలో రెండు గుమ్మాలున్నాయి. హుజూర్‌నగర్‌ది ముందు గుమ్మం, జనం తెరిచింది. పెద్దల సభది పక్క గుమ్మం, పార్టీ తెరిచింది. ఆయన మొదట ముందు గుమ్మం నుంచి వచ్చాడు, తర్వాత పక్క గుమ్మం నుంచి. మా పరిస్థితి చూస్తే మాకు మిగిలింది ఆ పక్క గుమ్మమే.

2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ముస్లింలు వందకి పన్నెండు పైచిలుకు. 2023 ఎన్నికల్లో 119 స్థానాలకి గెలిచిన ముస్లింలు ఏడుగురు. ఏడుగురూ హైదరాబాద్ నగరం వాళ్లే, ఏడుగురూ మజ్లిస్ వాళ్లే. పాతబస్తీ దాటితే సున్నా. పెద్ద పార్టీలు మాకు టికెట్టివ్వడానికి ‘గెలవరు’ అనే కారణం చెబుతాయి. తర్వాత కావాలంటే మండలికి పంపుతామంటాయి. రాష్ట్రం వచ్చాక మొదటి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి అయిన ముస్లిం కూడా శాసనమండలి సభ్యుడే. పదవి రావడం సంతోషమే. కానీ పార్టీ కూర్చోబెట్టినవాడు పార్టీ లేవమంటే లేవాలి. ఓటేసిన ఊరు వెనక ఉన్నవాడి గొంతు వేరు. పైగా ఆ మండలి గుమ్మం కూడా ఎప్పుడూ తెరిచి ఉండదు. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం దాన్ని రద్దు చేయించింది, 2007లో గానీ మళ్లీ రాలేదు.

ఇందులో తప్పంతా అవతలి వాళ్లదే అని మేం అనం. హుజూర్‌నగర్ రైతు మఖ్దూంకి ఓటేసింది ఆయన ఆ రైతు భూమి కోసం జైలుకి పోయాడు కాబట్టి. మా నాయకులు ఎంతమంది పక్క వాడలోని మాదిగ కూలీ భూమి కోసం, నేతన్న మగ్గం కోసం నిలబడ్డారు? మా బాధ చెప్పుకోవాలి, గట్టిగానే చెప్పుకోవాలి. మా బాధ వరకే చెప్పుకుంటే మాకు ఓటేసేదీ మా గల్లీ వరకే. తెలుగు సోదరులు కూడా తమని తాము ఒక ప్రశ్న అడగాలి. చదువు లేని మీ తాతలు 1952లో చేయగలిగిన పనిని చదువుకున్న మీరు ఇప్పుడెందుకు చేయలేకపోతున్నారు?

ఆజంజాహి మిల్లు 1990లో మూతపడింది. మా అబ్బా ఉద్యోగం దాంతోనే పోయింది. షెడ్లు తర్వాత కూల్చేశారు. కాళోజీని ఉంచిన వరంగల్ సెంట్రల్ జైలుని ఆసుపత్రి కోసం 2021లో పడగొట్టారు. దాదా పోయి చాలా ఏళ్లయింది. మా ఊళ్లో ఆ కాలానికి ఆనవాళ్లు ఇక కాగితం మీదే మిగలాలి. అందుకే వచ్చే ఆగస్టులో ఫోన్లు వచ్చినప్పుడు రెండు పత్రికలకీ ఒకే వ్యాసం ఇద్దామనుకుంటున్నాం. ఉర్దూ పాఠకుడికి హుజూర్‌నగర్ ఎక్కడుందో చెప్పాలి. తెలుగు పాఠకుడికి ‘సుర్ఖ్ సవేరా’ అంటే ఎర్రని ఉదయమని చెప్పాలి. వేసుకుంటారో లేదో వాళ్లిష్టం. రాయడం మా పని.